పేరున్న గడప

“బండ యాడ వోయింది కొడుకా?”

పరమేశ్ తలెత్తాడు. చర్చి గుమ్మం ముందు ఒక ముసలవ్వ. భుజాన గొంగడి, చేతిలో పాల చెంబు.

“పాతదా? పలగ్గొట్టిచ్చిన. గీ కొత్త గడప జూడవ్వా, అద్దం తీరుగుంది!”

పెద్దేముల్ దాటాక గుట్ట మీదున్న ఆ చర్చికి గడప బండ ఒక పక్కకు ఒరిగింది. పండుగలోపు సాపు చేసిపెట్టమని డేవిడ్ పాస్టరు తాండూరు వచ్చి చెప్పి వెళ్లాడు.

పరమేశ్ బండల వ్యాపారి. ఊరికే చేసే మనిషి కాదు. లెక్క వేసుకున్నాడు. కొత్త గడప దానమిస్తే పేరు చెక్కించుకోవచ్చు. పండుగకు వచ్చినవాళ్లంతా చూస్తారు. రేపు చర్చి మొత్తానికి బండలు పరిచే పని ఇంకెవరికి పోతుంది?

పైగా పాత బండ మీద పొట్టేలు కొమ్ములు చెక్కి ఉన్నాయి. చర్చికి అవేం అందం? సమ్మెట దెబ్బలు వేయించి ముక్కలు గుట్ట కిందికి దొర్లించాడు.

అవ్వ వంగి కొత్త రాయిని తడిమింది.

“గీ రాతలేంది?”

“నా పేరే అవ్వా. తాండూరు పరమేశ్ అని.”

“గడప మీద పేరా! తొక్కుతరు గద కొడుకా.”

“తొక్కవోతెనే గద కనబడేది!”

పనివాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు.

“మా అయ్యను పలగ్గొట్టినవు” అంది మెల్లగా.

“మీ అయ్యనా? అవ్వా, మీ కొమ్ముల దేవునికి గిక్కడ జాగ లేదు. ఇది చర్చి. పాలు తీస్కపోయి మీ గుడిల పొయ్యి.”

ఆమె మిగిలిపోయిన పాత బండ పెచ్చును ఒకదాన్ని ఏరి కొంగున కట్టుకుంది. పాలు గడప పక్కన మట్టిలో పోసి దిగిపోయింది.

కాసేపటికి డేవిడ్ పాస్టరు వచ్చాడు. లోపలికి పోబోయి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

“సాపు జెయ్యమన్న గద పరమేశ్. తియ్యమన్ననా?”

“దాని మీద కొమ్ములున్నయి అయ్యగారు, అందుకే...”

“ఉంటయి. గీ చర్చి కంటె ముందుగాల గుట్ట మీద గొర్లు కాసేటోళ్ల దేవుడుండె. ఆ దేవుని బండనే గడప జేసిండ్రు.”

“ఎవరు జేసిండ్రు?”

“ఆ దేవుని పూజారే. ఆయనే మా మొదటి పాస్టరు. సచ్చిపోయినంక తనను గా బండ కిందనే పాతిపెట్టమన్నడు. పేరు రాయొద్దన్నడు. మంది తనను తొక్కుకుంట లోపలికి పోవాలె అన్నడు.”

పరమేశ్ తాను సిమెంటు పోసిన చోటు చూశాడు.

“ఒక అవ్వ వచ్చింది అయ్యగారు... పాలు తెచ్చింది...”

“రుక్కమ్మ! ఏది?”

పరమేశ్ పరుగున గుట్ట అంచుకు వెళ్లాడు. బాట మీద ఎవరూ లేరు.

ఆమె ‘మా అయ్య’ అన్నది దేవుణ్ని కాదు, కన్నతండ్రిని.