కోచ్ లియాన్ అంచనా

"దీన్ని ఇక్కడ పెట్టిందెవరు?" అని కోచ్ లియాన్ అడిగేసరికి చిట్టి భయపడి, చేతిలో ఉన్న బ్యాగును గుండెకు హత్తుకుంది.

అది రెండువైపులా ప్లేట్లు తొడిగిన యాభై కిలోల రాడ్డు. చిట్టి పనిచేసే ఇంటి అమ్మాయి దానా దాన్ని ఎత్తలేక నేలమీదే వదిలేసి స్నానానికి పోయింది. జిమ్ తుడిచే ఖైరున్‌బీకి అది అడ్డంగా ఉందని, చిట్టే భుజాల దాకా ఎత్తి, నాలుగడుగులు నడిచి స్టాండు మీద పెట్టింది. రాయచోటి పల్లెలో శనక్కాయల బస్తాలు ఎత్తిన మనిషికి ఇదేమంత పని?

ఆ అరబ్బు దేశంలో, అల్ రాయ్‌లోని ఆ ఆడవాళ్ల జిమ్‌లో లియాన్ మాటే వేదం. ఒకప్పుడు ఆమె బరువులెత్తడంలో చైనా తరఫున ప్రపంచ ఛాంపియన్. పదకొండేళ్లప్పుడు నీళ్ల కావడి మోస్తుంటే చూసి ఒక కోచ్ తీసుకుపోయాడట. ఓ పోటీ రోజు పొద్దున వంద గ్రాములు ఎక్కువ తూగిందని జుట్టంతా కత్తిరించేశారట. ఇరవై ఏళ్లకు బంగారు పతకం, ఇరవై ఆరుకు వెన్ను దెబ్బ, ముప్పైకి ఊళ్లో నూడుల్స్ బండి. ఇప్పుడేమో, బరువులకన్నా ఫొటోల మీద మోజున్న అమ్మాయిలకు ఇక్కడ పాఠాలు.

లియాన్ చిట్టి చేత మళ్లీ ఎత్తించింది. యాభై ఐదు, తర్వాత అరవై. సంతలో కోడెను చూసినట్టు మణికట్లు, మోకాళ్లు, భుజాలు తడిమి చూసింది. వయసు అడగలేదు, ఊరు అడగలేదు. తనకొచ్చిన ముక్కల అరబ్బీలో ఖైరున్‌బీకి ఏదో గబగబా చెప్పింది.

"రెండు నెల్లకు ఈయమ్మ మన దేశానికే పోతాదంట మ్మే. ఆడ బరువులెత్తే క్యాంపులో కోచ్ పని. తనకు నచ్చినోళ్లను ఇద్దర్ని పెట్టుకోవచ్చంట. ఒకరు నువ్వేనంట" అంది ఖైరున్‌బీ.

చిట్టి మనసులోనే లెక్క వేసుకుంది. తిండి, బస, నెలకింత డబ్బు, పైగా వంటిల్లు కాని ఒక చోటు. బతుకులో మొదటిసారి ఒకరు ఆమెను చూసి, నువ్వు కావాలి అన్నారు.

కానీ మామాను, అంటే దానా తల్లిని, అడగాలి. అందుకే భయం. అర్దియాలోని ఆ ఇంట్లో రెండేళ్లుగా చిట్టి ఏదీ అడిగి ఎరగదు. కాగితాలన్నీ ఏజెంటు షావలి చేతి మీదుగా నడిచాయి. పేరు, పుట్టిన తేదీ ఉండే సివిల్ ఐడీ కార్డు మామా బ్యాగులోనే ఉంటుంది. పక్కింట్లో పనిచేసిన రజియా బీ కాగితాల్లో ఏదో తేడా దొరికిందని మూడు నెలలు జైల్లో పెట్టి పంపించేశారు. అప్పట్నుంచి కాగితం అనే మాట వింటేనే చిట్టికి వణుకు.

చివరికి ఖైరున్‌బీయే ధైర్యం చేసి అడిగింది. మామా కాసేపు ఆలోచించి, ఎలాగూ వచ్చే నెలతో కాంట్రాక్టు ఖలాస్, పోనీ అంది. పతకం వస్తే నా వంటింట్లో పనిచేసిన మనిషేనని చెప్పుకుంటానని నవ్వింది కూడా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు.

ఆ పది రోజులు చిట్టి నేలమీద నిలవలేదు. మెట్లు రెండేసి ఎక్కుతుంటే, వయసు చూసుకుని నడవమని మామా కసిరింది. ఒక్క తెల్లవెంట్రుకా లేదు, ఏం నూనె రాస్తావో చెప్పమని ఎప్పటిలాగే పోరింది. వచ్చిన కొత్తలో పాదాల దాకా ఉన్న గౌను చీలమండల పైకి పోయిందని వాషింగ్ మెషీన్‌ను తిట్టింది. జిమ్‌లో చిట్టి డెబ్బై కిలోలు ఎత్తింది. ఆ రోజు లియాన్ కళ్లు తుడుచుకోవడం ఖైరున్‌బీ చూసింది.

క్యాంపుకు ఫారం పంపాల్సిన రోజు మామా తనే జిమ్‌కు వచ్చి, బ్యాగులోంచి సివిల్ ఐడీ తీసిచ్చింది. లియాన్ చదివింది. మళ్లీ చదివింది.

"తొంభై రెండులో పుట్టిందా? ముప్పై మూడా?"

"మరి? ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి వాళ్ల దేశం నుంచి పంపనే పంపరు. చిన్నపిల్లయితే నేనెందుకు పెట్టుకుంటాను?" అంది మామా.

లియాన్ కుర్చీలో కూలబడింది. అది ఇరవై ఏళ్ల లోపు వాళ్ల క్యాంపు. తను పోటీలు మానేసిన వయసే దాటిపోయిన మనిషిని ఏమని తీసుకుపోతుంది? "ఇన్నేళ్లలో నా కన్ను ఎప్పుడూ తప్పలేదు" అని గొణుక్కుంది.

చిట్టి నోరు తెరిచింది. ఖైరున్‌బీ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు మ్మే. కాయితం కాయితమే. దాన్ని పట్టుకొనే గదా ఇంత దూరం వచ్చినాం."

చిట్టి నోరు మూసుకుంది. లియాన్ లేచి, ఛాంపియన్‌గా ఉన్నప్పుడు వాడిన తన తోలు బెల్టు తెచ్చి చిట్టి చేతిలో పెట్టింది. ఈ వయసులో వెన్ను జాగ్రత్త, ఇల్లు తుడిచేటప్పుడు కట్టుకో అంది. అంతకుమించి చిట్టి మొహంలోకి చూడలేకపోయింది.

కారులో మామా మంచిగానే ఓదార్చింది. ఇంకో రెండేళ్లకు కాంట్రాక్టు రాయిస్తానంది. వెనక సీట్లో చిట్టి బెల్టును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక ఎవరూ తనను అలా తడిమి చూడరని, నువ్వు కావాలి అనరని ఆమెకు తెలుసు.

వచ్చే శ్రావణానికి చిట్టికి పందొమ్మిది నిండుతాయి.