అర చుట్టు

కారు మళ్ళీ ఆగిపోయింది, ఈసారి మెకానిక్ షెడ్డు గుమ్మంలోనే.

"నీకు పెడల్ మీద కాలు నిలవదు. ఇంకో గంటలో లైసెన్సు పరీక్షట!" విసుక్కుంటూ దిగాడు భర్త.

ఆమె డ్రైవింగ్ సీట్లో స్టీరింగు పట్టుకునే ఉంది.

మెకానిక్ ఇంజను మళ్ళీ స్టార్ట్ చేయించి, కార్బొరేటర్ స్క్రూని అర చుట్టు తిప్పాడు. చప్పుడు కుదురుకుంది.

"ఇక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా ఆగదమ్మా. ఐడ్లింగ్, అదే కాలు తీసినప్పుడు ఇంజను తిరిగే వేగం, బాగా తగ్గించేశారు."

"ఎవరు?"

"పోయిన నెల సారే తగ్గించమన్నారు. మాటిమాటికీ ఆగిపోతుందని చెప్పినా వినలేదు."

ఆమె భర్త వైపు చూసింది.

"స్పీడంటే భయపడతావని..." నసిగాడతను.

"భయం నాకా, మీకా?"



ఆమె గేరు వేసింది. "వస్తారా, ఇక్కడే ఉంటారా?"