గుడి కప్పుకి కన్నం

"ఆ రాయిని గుడి బయటికి నెట్టేసి కప్పు మూసెయ్," అన్నాడు ఫుల్జెన్జియో. పాత రోము మీద తయారవుతున్న వీడియో గేముకి ఆయనే పెద్ద. "ఆ కన్నంలోంచి వాన పడి మన కత్తివీరుడు తడిసి ముద్దవుతున్నాడు."

"అది ఉత్త రాయి కాదు సార్, టెర్మినస్. పొలిమేర దేవుడు," అంది ఆ గుడిని గీసిన ఒర్తెన్సియా. "నెత్తిన ఆకాశం లేకపోతే ఊరుకోడు. దేవతల రాజు జూపిటర్‌కి గుడి కడతాం, కాస్త జరగవయ్యా అంటేనే జరగలేదట."

"నాకా కథలు చెప్తున్నావ్ తల్లీ!" అంటూ ఆయనే మౌసు లాక్కున్నాడు.

పూజారులు జరిగారు. జూపిటర్ విగ్రహం కూడా బుద్ధిగా పక్కకి జరిగింది. రాయి మాత్రం కదల్లేదు.

"కదలకుండా తాళం వేశావు కదూ?"

"నేనా? మీ మీదొట్టు సార్!"

ఫుల్జెన్జియో మొహంలో రంగు మారింది. గబుక్కున కుర్చీ ఇనపకాలు ముట్టుకున్నాడు. దడుచుకుంటే మా రోము వాళ్లు పట్టుకునేది ఇనుమునే.

"సరే, కన్నం ఉండనీ. ఆ వీరుడికే ఏ గోనెపట్టో కప్పు," అని కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఒర్తెన్సియా పడీపడీ నవ్వింది. పొద్దున చాటుగా వేసిన తాళం తీసేద్దామని చూసి, టక్కున నవ్వాపేసింది. పొద్దున కంగారులో ఆ తాళం పక్కనున్న దీపస్తంభానికి వేసేసింది. రాయికి అసలు తాళమే లేదు.

గుడ్లప్పగించి నా వంక చూసింది పిచ్చిపిల్ల. జూపిటర్ కోసం బతిమాలితేనే జరగనివాణ్ణి, ఫుల్జెన్జియో గెంటితే కదులుతానా!