మూడో తనిఖీ

కారు కిందకి దూరిన తనిఖీ అధికారి గారు చెయ్యి ఒక్కటే బయటికి చాపి టార్చిలైటు అడిగారు. లేత్ మేస్త్రి టార్చి అందించి, తనూ వంగి కిందకి తొంగిచూశాడు.

ఆరేళ్ల కష్టం ఆ కారు. పాతకాలం రేసుకారు. ఒక్క మనిషి పట్టే సీటు, ఒంటికి ఎడంగా బయటే తిరిగే నాలుగు చక్రాలు, పైన కప్పు లేదు. కోళ్ల షెడ్డులో దొరికిన రోజున దాని సీట్లో ఒక పెట్ట పొదుగుతోంది. పిల్లలు బయటికొచ్చేదాకా మూడు వారాలు ఆగి మరీ తెచ్చుకున్నాడు మేస్త్రి. బజార్లో దొరకని భాగాలన్నీ తన షెడ్డులోని లేత్ మీద తనే తయారుచేసుకున్నాడు. స్కూటర్ సీట్లు కుట్టే బావమరిది ఈ సీటూ కుట్టిపెట్టాడు. "ఇది కారు కాదు బావా, చక్రాలు తగిలించిన సొరకాయ" అని మొదటిరోజు నవ్వినవాడే, తర్వాత్తర్వాత ఆదివారమైతే పిలవకుండానే వచ్చి కూర్చునేవాడు.

పాత రేసుకార్ల పోటీ ఏడాదికి ఒక్కసారే. అరవై అయిదు నిండినవాళ్లని ట్రాక్ ఎక్కనివ్వరు. మేస్త్రికి వచ్చే నెలలో నిండుతాయి. ఈసారి కాకపోతే ఇక లేనట్టే. తనిఖీకి మూడు అవకాశాలు. మూడూ తప్పితే కారు మళ్లీ షెడ్డుకే.

అధికారి గారు పైకి లేచి మోకాళ్లు దులుపుకున్నారు.

"బ్రేకు గొట్టం చట్రానికి రాసుకుంటోంది. రాసుకుని రాసుకుని చిల్లు పడుతుంది. పాస్ చెయ్యను."

మధ్యలో కాస్త ఖాళీ ఉందని మేస్త్రి వాదించాడు. అధికారి గారు ఆ ఖాళీలోకి ఒక కాగితం దూర్చబోయారు. దూరలేదు.

కారు ట్రాలీ మీదికి ఎక్కిస్తూ, పెద్దవాళ్లెవరిచేతనైనా ఒక మాట చెప్పిద్దామా అని అడిగాడు మేస్త్రి.

బావమరిది తల అడ్డంగా ఊపాడు. "లాభం లేదు బావా. ఆ మనిషి కన్నతండ్రి చెప్పినా వినే రకం కాదు."

ఆ సాయంత్రం భోజనం దగ్గర మేస్త్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. బల్ల దగ్గర ట్రాక్ ఊసెత్తకూడదని భార్య ఎప్పుడో నియమం పెట్టింది. కానీ కడుపుమంట ఎక్కడ ఆగుతుంది? గోడకి చెప్పుకుంటున్నట్టు అన్నాడు:

"ఆ అధికారి గారికి మనుషుల మీద జాలీ దయా లేవు."

"జాలి చూపిస్తే బ్రేకు పడుతుందా?" అంది భార్య, నీళ్ల గ్లాసు ముందుకు జరుపుతూ.

"నువ్వూ ఆ పక్షమేనా?"

"నేను బ్రేకు పక్షం."

వారం తిరిగాక రెండో తనిఖీ. పొద్దున్నే భార్య తన డ్యూటీకి తను వెళ్లిపోయింది. బావా బావమరుదులిద్దరూ కారు లాక్కుని ట్రాక్ దగ్గరికి వెళ్లారు. బ్రేకు గొట్టానికి వంక పెట్టడానికేం దొరకలేదు. మేస్త్రి గాలి పీల్చుకునేలోపే అధికారి గారు జేబులోంచి స్టాప్‌వాచీ తీశారు. నిప్పంటుకుంటే డ్రైవరు పది సెకన్లలో బయటపడాలట. కూర్చుని చూపించమన్నారు.

ఆరేళ్లలో కారు పాత రూపానికి వచ్చింది గానీ మేస్త్రి పొట్ట రాలేదు. స్టీరింగుకీ సీటుకీ మధ్య బిరడాలా బిగుసుకుపోయాడు. బావమరిది రెండు చంకల కిందా చేతులేసి లాగితే గానీ ఊడిరాలేదు. ఇరవైమూడు సెకన్లు. అధికారి గారు అటు తిరిగి కాగితం మీద ఏదో చాలాసేపు రాసుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఇటు తిరిగేసరికి ముఖం మళ్లీ మామూలే. పాస్ చెయ్యలేదు.

ఇంటికొచ్చాక భార్య ఒక్క ప్రశ్నా వెయ్యకుండా అతని పళ్లెంలో సగానికి సగం తగ్గించింది. తెల్లారగానే షెడ్డులో సాధన మొదలైంది. బావమరిది లెక్కపెట్టడం, మేస్త్రి బయటికి రావడం. బావమరిది అంకెలు కాస్త నింపాదిగా పలుకుతాడు కాబట్టి మొదటిరోజే తొమ్మిదికి వచ్చాడు. భార్య తలుపు దగ్గర నిలబడి గడియారం చూసి పదిహేడు అంది. పన్నెండో రోజుకి ఇద్దరి లెక్కా కలిసింది.

మూడో తనిఖీ పోటీ రోజు పొద్దున్నే. తొమ్మిదిన్నర సెకన్లకి బయటపడ్డాడు మేస్త్రి. అయినా అధికారి గారు కారు కిందకి దూరారు. మిగతా కార్లకి పది నిమిషాలు సరిపోయింది. ఈ కారుకి అరగంట పట్టింది. ప్రతి నట్టూ చేత్తో పట్టి చూశారు. చూసినదే మళ్లీ చూశారు. సంతకం పెట్టబోయి ఆగి, బ్రేకు గొట్టం ఇంకోసారి తడిమి చూశారని బావమరిది తర్వాత చెప్పాడు. మేస్త్రి అది గమనించే స్థితిలో లేడు.

"మొదటి మలుపు నెమ్మదిగా తిప్పండి" అన్నారు అధికారి గారు. అలా చెప్పాలని ఏ నిబంధనలోనూ లేదు.

మేస్త్రి నెమ్మదిగానే తిప్పాడు. రెండో మలుపు దగ్గర మాత్రం కాలు మాట వినలేదు. ముందు చక్రాలు రెండూ కళ్లెదుటే గంతులేస్తుంటే, ఇంజను మోత వెన్నులోంచి దంతాల దాకా పాకుతుంటే, అరవై నాలుగేళ్ల మనిషి నోరు తెరిచి కేక పెట్టాడు. అందరూ అతన్ని దాటిపోయారు. ఒకడైతే చెయ్యి ఊపి మరీ పోయాడు. పది కార్లలో పదోవాడిగా వచ్చి, ఇంజను ఆపి, పోటీ గెలిచినవాడికన్నా పెద్ద నవ్వుతో కూర్చుండిపోయాడు. కళ్లకి కట్టుకున్న అద్దాలు తీస్తే లోపలంతా తడి. గాలికి అని చెప్పాడు బావమరిదికి. బావమరిది నమ్మినట్టే తలూపాడు.

జనం పలచబడ్డాక అధికారి గారు టోపీ తీసి, కోటు విప్పి చేతిమీద వేసుకుని, కారు పక్కకొచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యేసి, "ఏవండీ, నా డ్యూటీ అయిపోయింది, ఇక మనింటికి పోదాం పదండి" అంది.