రెండో ఆకు

“పెద్దాయనా, మీరొక్కరే కదా. రెండాకులెందుకండీ?”

భ్రమరాంబ టీచర్ ఆ మాట కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

ముందురోజు ఇంట్లో మామగారి ఆబ్దికం. తెల్లవారుజామునే లేచి, మడి కట్టుకుని పదిమందికి వండింది. ఇవాళ మళ్లీ అమలాపురంలో ఏడింటి బస్సు. బడికొస్తే మధ్యాహ్న భోజనాల దగ్గర నిలబడే వంతు కూడా తనదే.

ఆ ముసలాయన నెల రోజులుగా వంటపాక దగ్గరికి వస్తున్నాడు. పిల్లలు తిన్నాక మిగిలింది పెడతారు. అరిటాకులు తనే తెచ్చుకుంటాడు. రోజూ రెండు. పెట్టేదాకా ఊరుకోడు, పిల్లల్ని చుట్టూ చేర్చుకుని ఏవో కబుర్లు చెబుతాడు.

“ఒకటి నాకండి. ఇంకోటి...” అని ఆగిపోయాడు.

“ఇంకోటి ఇంటికా? బడి అన్నం ఇళ్లకి పంపకూడదండీ. రేపెవరైనా తనిఖీకొస్తే నన్నడుగుతారు.”

“ఆయ్. అలాగేనండి.”

రెండో ఆకు చుట్టచుట్టి సంచీలో పెట్టుకున్నాడు. కాసేపాగి మొదటి ఆకూ తీసేశాడు.

“అదేమిటి, భోంచెయ్యరా?”

“ఆకలి లేదండి.”

లేచి, పంచె దులుపుకుని వెళ్లిపోయాడు.

“చూసేరా అమ్మగారూ! అన్నం మనది, బెట్టు ఆయనది” అని వంట చేసే అచ్చాయమ్మ నవ్వింది.

మర్నాటి నుంచి ఆయన రాలేదు.

పది రోజులకి ఎనిమిదో తరగతికి చదువు పరీక్ష వచ్చింది.

ఒక పాత సాహస కథ ఇచ్చారు. ఓడ మునిగిపోతే నావికుడొకడు ఒంటరిగా దీవికి చేరి, ఏళ్ల తరబడి బతికి, తిరిగొచ్చిన కథ. అది చదివి ఐదు ప్రశ్నలకి జవాబులు రాయాలి. సాయంత్రంలోగా టీచర్లు మార్కులు ఫోన్‌లో ఎక్కించాలి.

భ్రమరాంబ ఎర్రపెన్ను తీసింది. అప్పటికే కళ్లు మండుతున్నాయి.

మూడో ప్రశ్న: ‘తిండి దొరికిన మొదటిరోజు నావికుడు ఏం చేశాడు?’

పైనుంచి వచ్చిన కీ పేపర్లో జవాబు: ‘సగం తిని, సగం రేపటికి దాచుకున్నాడు.’

కుసుమ రాసింది: ‘రెండాకులు వేశాడు.’

కొట్టేసింది.

చరణ్ రాశాడు: ‘రెండాకులు వేసి, రెండింట్లోనూ వడ్డించాడు.’

అదీ కొట్టేసింది.

మొత్తం తొమ్మిది కాగితాల్లో అవే రెండాకులు. తొమ్మిదిమందీ ఓడలరేవు వైపు నుంచి ఒకే ఆటోలో వచ్చే పిల్లలు.

చూసి రాసుకున్నారు, ఇంకేముంది? చూసి రాస్తే కాగితం మొత్తానికి సున్నా. సున్నా వస్తే ‘చదవలేనివాళ్లు’ అన్న జాబితాలో పేరెక్కుతుంది. జిల్లా పోటీకి తను పంపుదామనుకున్న కుసుమ పేరు కూడా.

కుసుమని పిలిచింది.

“నిజం చెప్పవే. ఎవరిది చూసి ఎవరు రాశారు?”

“ఎవరూ చూళ్లేదండి టీచర్.”

“మరి రెండాకులు కథలో ఎక్కడున్నాయే?”

“లేవండి. సగం తిని, సగం పక్కన పెట్టేడని ఉందండి.”

“రేపటికని పెట్టాడు. అంతేగా?”

“రేపటికని కథలో లేదండి.”

భ్రమరాంబ కథ కాగితం తీసి చూసింది. నిజమే. ‘పక్కన పెట్టాడు’ అనే ఉంది.

“మరి ఎవరికని?”

“మునిగిపోయినోళ్లకండి. ఒక్కడే మిగిలినోడు ఎవడైనా రెండాకులే ఏత్తాడని తాత చెప్పేడండి.”

“ఏ తాత?”

“మన వంటపాక దగ్గరికొచ్చేవోడు కదండి, మా ఓడలరేవు రామ్మూర్తి తాత. రెండో ఆకులోది ఆయన తినేవోడు కాదండి. కాకులకి పెట్టేసేవోడు.”

భ్రమరాంబ ఎర్రపెన్ను కింద పెట్టింది.

మొన్న ఆబ్దికంనాడు తనూ ఒక ఆకు అలాగే వేసింది. అందులో వడ్డించింది కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరినీ మంచినీళ్లయినా తాగనివ్వలేదు. పోయినవాళ్లకి ఓ ముద్ద పెట్టుకోవడానికి మడీ మంత్రమూ ఉండి తీరాలా? బడి అన్నమైతే పనికిరాదా?

“రేపు తాతని తీసుకురా అమ్మా. నేను రమ్మన్నానని చెప్పు. రెండాకులూ తెచ్చుకోమను.”

కుసుమ తల దించుకుంది.

“తాత సోమారం పోయేడండి. జొరమొచ్చి. అందుకే కదండీ, ఆవేళ మేం తొమ్మిదిమందిమీ బడికి రాలేదు.”

సోమవారం హాజరుపట్టీలో వరసగా తొమ్మిది గైర్హాజర్లు పెట్టింది తనే. ఎందుకు రాలేదని అడిగే ఓపిక లేకపోయింది ఆ రోజు.

“వెళ్లమ్మా” అంది మెల్లగా.

తొమ్మిది కాగితాలూ మళ్లీ ముందుకి లాక్కుంది. మూడో ప్రశ్నకి కొట్టేసిన ప్రతిచోటా పక్కనే నిండు మార్కులు వేసింది. పైవాళ్లు అడిగితే అడగనీ.

చివరికి కుసుమ కాగితంలో ఐదో ప్రశ్న మిగిలింది.

‘ఇలాంటి సాహసవంతుణ్ని మీరెప్పుడైనా చూశారా? రాయండి.’

కింద గుండ్రటి అక్షరాలు.

‘చూశాను. తొంభై ఆరు తుఫానులో ఆయన పడవ తిరగబడింది. తమ్ముణ్ని చెక్క మీద పడుకోబెట్టి మూడు రోజులు సముద్రంలో నెట్టుకుంటూ వచ్చాడు. అన్నయ్యా ఆకలేస్తోంది అని తమ్ముడు అంటూనే ఉన్నాడు. ఒడ్డుకి వచ్చేసరికి తమ్ముడు చనిపోయాడు. అప్పటి నుంచి ఆయన తమ్ముడికి పెట్టకుండా ఏ రోజూ అన్నం తినలేదు. మా టీచరుగారు కూడా ఆయన్ని చూశారు.’