మిషన్ చూడని చోటు

లిఫ్టు నడపడానికి అసెంబ్లీ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం సరిచూస్తూ, దాన్ని రాసిన పెద్దాయనతో అన్నాను:

"గురువుగారూ, మెమొరీలో ఒక్క బైటు పట్టే ప్రతి అంకె నాలుగు బైట్ల గడి మొదట్లోనే కూర్చోవాలని మధ్యమధ్య మూడేసి బైట్లు ఖాళీ వదిలారు, సరే. వాటిలో సున్నాలు పెట్టకుండా ప్రతిచోటా ఈ మూడక్షరాల చెత్తేమిటండీ?"

"ఏం పెట్టినా ఒకటేనమ్మా. మిషన్ ఆ ఖాళీల జోలికే పోదు."

"అయితే తుడిచేస్తున్నా," అని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

ఆయన చటుక్కున లేచి తెరకు అడ్డంగా చెయ్యి పెట్టారు.

"మా పాప ముద్దుపేరమ్మా అది. తను పోయాక బడి రిజిస్టర్లో అసలు పేరు కొట్టేశారు. ఇంటి కాగితాల్లో నా చేతే కొట్టించారు. ఇక్కడైనా ఉండనీ. ఎవరికీ అడ్డం రాదు."