అంగారకుడికి ఆవిరి ఓడ

"మీ ఓడలో నీళ్లెన్నున్నాయమ్మా?" అన్నాడు రత్తయ్య.

హన్నా నోటుపుస్తకం తిరగేసింది. ఆమె అల్లుతున్న ఆటలో, విక్టోరియా రాణి కాలంలో లండన్ రేవు నుంచి అంగారకుడికి బయలుదేరిన ఆవిరి ఓడ అది. ఇత్తడి కిటికీలు, తివాచీలు, టెలిస్కోపు, ఆఖరికి పియానో కూడా రాసుకుంది. నీళ్ల సంగతే మరిచిపోయింది.

"రాయలేదండీ."

"నీళ్లు లేందే ఆవిరెక్కణ్ణుంచొస్తుందీ? పియానో ఉడకేస్తారా?"

పక్కనున్న ఆమె తమ్ముడు జాన్‌బాబు పకపకా నవ్వాడు. హన్నాకు సిగ్గేసింది, కానీ సరైన చోటికే వచ్చానని కూడా అనిపించింది.

అది పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది వేసవి. హన్నా విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఒక విదేశీ డాక్టరమ్మ ఆమెకు కొత్తరకం ఆట చూపించింది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోతారు. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. ప్రమాదం వచ్చినచోట పాచిక తేలుస్తుంది. ఆ ఆట హన్నాను పట్టుకుని వదల్లేదు. తెలుగులో తనే ఒకటి తయారు చేయాలనుకుంది. శనివారం హాస్టలు పిల్లల ముందు ఆడించాలి. అన్నీ కుదిరాయి గానీ ఓడలో ప్రాణం లేదు. ఆవిరి ఇంజన్‌లో నిప్పు వేసిన మనిషిని అడగమని జాన్‌బాబు ఆమెను సత్యనారాయణపురంలో రత్తయ్య ఇంటికి తీసుకొచ్చాడు. ముప్పయ్యేళ్లు బొగ్గు ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరు ఆయన.

నాలుగు మధ్యాహ్నాలు ఆయన చెబుతూ పోయాడు, ఆమె రాసుకుంటూ పోయింది. నిప్పు ఏ రంగులో ఉంటే ఎంత వేడి, బొగ్గు ఏ మూల వేయాలి, ఇంజన్ మూలుగు వింటే రోగం ఎక్కడో ఎలా తెలుస్తుంది. "నీళ్లు అడుగంటాక మాత్రం చన్నీళ్లు కొట్టగూడదమ్మా. పేలిపోద్ది. నిప్పు బయటికి లాగెయ్యాలి, అంతే" అని రెండుసార్లు చెప్పాడు.

ఐదో రోజు వసారాలో చాప పరిచి ఆట పరీక్షకు పెట్టారు. కొండపల్లిలో పొణికి చెక్కతో చేయించిన పాచికలు మధ్యలో పెట్టారు. హన్నాతో పనిచేసే ఛాయాదేవి కెప్టెను, రత్తయ్య డ్రైవరు, జాన్‌బాబు బొగ్గు వేసే ఫైర్‌మన్. కథ చెప్పేది హన్నా.

"చంద్రుణ్ణి దాటాం" అంది హన్నా. "చప్పుడంతా ఓడలోనే. బయట గాలి లేదు, శబ్దం లేదు. కిటికీ దగ్గరికి రండి. చుక్కలు మినుకుమనడం లేదు, గుచ్చినట్టు నిలబడ్డాయి. అదిగో భూమి. బత్తాయంత."

ఛాయాదేవి చెంపకు చేర్చిన చెయ్యి తీయలేదు.

"కృష్ణ కనిపిస్తోందా అమ్మా?" మెల్లగా అడిగాడు రత్తయ్య.

"ఆ టెలిస్కోపులో చూడండి. మంగళగిరి చీర అంచులో ఒక్క జరీ పోగు మెరిసినట్టు."

ఆయన నిజంగానే ఒక కన్ను మూసి చూశాడు.

అప్పుడు హన్నా ఆపద తెచ్చింది. ఆకాశంలో తిరిగే రాళ్లు తగిలి నీళ్ల తొట్టి పగిలింది. బాయిలరు అడుగంటుతోంది. ఒకరు ఉండి నిప్పు లాగేస్తూ ఉంటేనే మిగతావాళ్లు చిన్న పడవలో దూరం పోగలరు. పడవలో ఇద్దరికే చోటు. అందరూ పాచిక వేయాలి, తక్కువ పడ్డవాళ్లు ఉండిపోవాలి.

ఛాయాదేవికి నాలుగు పడింది. రత్తయ్యకు ఆరు. జాన్‌బాబుకు ఒకటి.

"నా పనైపోయింది" అని నవ్వాడు జాన్‌బాబు.

"వీల్లేదు" అన్నాడు రత్తయ్య. "ఆ అబ్బాయిని పడవెక్కించండి. నేనుంటా."

"పాచిక చెప్పిందే మాటండీ. ఒకరికోసం మారిస్తే ఇక ఆటెందుకు?" అంది హన్నా.

"మార్చమ్మా."

"రత్తయ్యగారూ..."

"మార్చమంటున్నానా!"

ఆయన గొంతుకు వసారా ఉలిక్కిపడింది. లేచి నిలబడ్డాడు. ఛాయాదేవి హన్నా చెవిలో అంది, "డ్రైవరు బండి దిగిపోవడం నామోషీ కాబోలే. పెద్దాయన, పోనీలే."

హన్నా పుస్తకంలోకి చూసింది. ఇన్నాళ్లూ తను రాసిన నియమాలన్నీ లెక్కలే. కలం తీసి కొత్తది రాసి, పైకి చదివింది: "ఎవరైనా తన ప్రాణం పెట్టి మరొకరి పాచిక మార్చవచ్చు."

రత్తయ్య కూర్చున్నాడు. ఆ తరవాత కథ చెప్పింది హన్నా కాదు.

"ఫైర్‌మన్‌ని జబ్బ పట్టుకుని పడవలోకి తోశాను. తలుపేశాను. ఇప్పుడు నిప్పు లాగుతున్నా. బయట కిందా పైనా లేవుగా, బొగ్గులు కింద పడవు. ఎర్రగా తేలుకుంటూ పోతున్నాయి, చుక్కల్లో కలిసిపోతున్నాయి. ఏవి చుక్కలో, ఏవి నా నిప్పులో తెలీడం లేదు. పడవ చిన్నదైపోయింది. పిల్లాడు కిటికీలోంచి చెయ్యూపుతున్నాడు. పో నాయనా, పో. ఇంటికి పో."

ఆయన రెండు చేతులతో లేని పలుగును లాగుతూనే ఉన్నాడు. తను కట్టిన ఆకాశం ఇంత పెద్దదని హన్నాకే తెలియదు.

చివరికి చేతులు ఆగాయి. రత్తయ్య ముఖం నిండా చెమట, కళ్లలో నీళ్లు, పెదాల మీద చిన్నపిల్లాడి నవ్వు.

"తాతగారూ, మీరు చచ్చిపోయారు. ఓడిపోయారండీ!" అన్నాడు జాన్‌బాబు. "నవ్వుతున్నారేంటి?"

రత్తయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. హన్నా వైపు తిరిగాడు.

"నిజం బండిలో నా ఫైర్‌మన్ పిల్లాణ్ణి వదిలేసి నేను దూకేశానమ్మా."